సోమన్న తాత పోసిన గోడ

మొన్న నగరంలో ఒక కళా మ్యూజియానికి వానలో తడుస్తూ వెళ్ళి, పూత లేని కాంక్రీటు గోడ మీద అరచెయ్యి ఆనించాను. చల్లగా, కాస్త గరుకుగా తగిలింది. తడి సిమెంటు వాసన. నేను అంత దూరం వెళ్ళింది బొమ్మల కోసం కాదు, ఆ గోడల్ని ఫొటో తీయడానికి. కాపలా ఆయన వచ్చి ముట్టుకోకూడదన్నాడు. బొమ్మని ముట్టుకోలేదు కదండీ అన్నాను. ఇలా ఎదురు చెప్పడం నాకు సోమన్న తాత దగ్గర అబ్బింది.

తాత మాకు చుట్టం కాదు. అరకు లోయలో మా వీధి చివర ఉండే సెంట్రింగు మేస్త్రి. కాంక్రీటు పోయడానికి చెక్కలతో పెట్టె కట్టి, గట్టిపడ్డాక విప్పడం ఆయన పని. నేను పదో తరగతితో బడి మానేసి, శాఖా గ్రంథాలయంలో చేతికందిందల్లా చదువుతున్న రోజులవి. ఒకసారి భవనాల మీద లావుపాటి పుస్తకం దొరికింది. నిండా ఎక్కడెక్కడి మ్యూజియాలో, నగ్నంగా నిలబడ్డ కాంక్రీటు గోడలు. ఇలాంటివి మన కొండల్లో ఎవరికి తెలుస్తాయిలే అన్నంత గర్వంతో తీసుకెళ్ళి ఆయనకు చూపించాను. ఆయన ఒక ఫొటోలో గోడ మీద పడ్డ చెక్కల గీతల వెంట చాలాసేపు వేలు నడిపాడు. ఈ పెట్టె ఎవరు కట్టారో రాశారా అని అడిగాడు. భవనం గీసినాయన పేరుంది, కట్టినవాళ్ళ పేర్లు లేవన్నాను.

“అయితే సగమే రాసినారు. నువ్వూ సగమే సదివినావు గుంటా,” అన్నాడు.

నాకు రోషం వచ్చింది. మర్నాడు ఆయనే నన్ను మా ఊరి చిన్న గిరిజన మ్యూజియానికి తీసుకెళ్ళాడు. ఎన్నోసార్లు చూసిన భవనమే, లోపలి పెద్ద గోడని మాత్రం ఎప్పుడూ పట్టి చూడలేదు. తుపానుకు కాఫీ తోటల్లో కూలిన సిల్వర్ ఓక్ చెట్లను కోయించి, కాంట్రాక్టరు తొందరకు ఆ గోడకి పచ్చి చెక్కలతోనే పెట్టె కట్టాడట తాత. కాంక్రీటు పోసేలోగా అవి ఎండకు కుంచించుకుపోయాయి. సందుల్లోంచి సిమెంటు పాలు కారి, గోడంతా నిలువునా సన్నటి గట్లు లేచాయి. ఒక చెక్క అంచున బెరడు ఉండిపోతే, దాని మీద మిరియపు తీగ పాకిన జాడ కూడా కాంక్రీటులో అచ్చుపడింది. గట్లన్నీ చెక్కెయ్యమన్నాడట కాంట్రాక్టరు. తప్పు నాదే, చూసేవాళ్ళు చూస్తారు, గట్లు చెక్కెయ్యను అన్నాడట తాత.

నేను వెంటనే ఫోను తీశాను. ఆగమన్నాడు. “ఎదురెండలో గోడ కనపడదు. పొద్దు వాలనీ, పక్క నుంచి ఎలుగొస్తే అదే లేస్తాది.” నాలుగు దాటాక పై కిటికీలోంచి వెలుతురు ఏటవాలుగా పడి, ఒక్కో గట్టుకీ ఒక్కో నీడ మొలిచింది. లావుపాటి పుస్తకంలో ఎక్కడా ఆ మాట లేదు.

మేం అలా ఎదురుచూస్తుండగా కొందరు పర్యాటకులు వచ్చి, అక్కడ బొమ్మగా పెట్టిన పూరిగుడిసె పక్కన విల్లు పట్టుకుని నిలబడమని తాతని అడిగారు.

“తీస్తే ఈ గోడ కాడ తియ్యండి బాబూ. ఆ గుడిసి నాను కట్టలేదు, ఇది కట్టినాను.”

వాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. ఆ ఫొటో నేను తీశాను. అందులో ఆయన గోడకన్నా బిగుసుకుని ఉంటాడు.

తర్వాతి ఏడాది మ్యూజియానికి కొత్త ఇన్‌చార్జి వచ్చాడు. గోడ సగంలో వదిలేసినట్టుందని, పూత పూయించి ధింసా నాట్యం ఆడుతున్నవాళ్ళ బొమ్మలు వేయిద్దామన్నాడు. గ్రంథాలయంలో నేర్చిందంతా పెట్టి నాలుగు పేజీల అర్జీ రాసిచ్చాను. బాగా రాశావమ్మా అని మెచ్చుకుని, దాన్ని సొరుగులో పెట్టేశాడు. తాత, నేను రెండు సాయంత్రాలు వెళ్ళి గోడని మూర మూర చొప్పున ఫొటోలు తీశాం. కాపలావాళ్ళు అనుమతి చీటీ ఏదని అడిగితే, నా పని నేను చూసుకోవడానికి చీటీ ఎందుకన్నాడు తాత.

పూత పూసే రోజు తాత ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాడు. గట్లు మునిగేంత మందంగా మెత్తుతున్నారు. కాసేపు చూసి, పూత పట్టుకునేలా ఉలితో గాట్లు పెట్టకుండా కాంక్రీటు మీద పూస్తున్నారు, రెండు వానాకాలాలు నిలవదని నా చెవిలో చెప్పాడు. మరి వాళ్ళకి చెప్పవేం తాతా అన్నాను.

“నన్ను అడిగినారేటి?”

ఆ మరుసటి వేసవిలో ఆయన పోయాడు.

రెండో వానాకాలం చివర్లో పూత పెళ్ళలుగా ఊడటం మొదలైంది. ముందు ఆడేవాళ్ళ పాదాలు పోయాయి, తర్వాత చీరల అంచులు. అతుకులు వేయించారు, అవీ రాలాయి. ఇన్‌చార్జి నాకు కబురు పెట్టాడు. మీ మేస్త్రి దీని గురించి ఏమైనా చెప్పేవాడా అని మర్యాదగానే అడిగాడు.

చెప్పాడన్నాను.

“ఏం చెప్పాడమ్మా?”

పూత మొత్తం రాలాక చెబుతానండీ అన్నాను.

ఆయన ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు, నేను ఇంకా చెప్పలేదు. నెలకోసారి నాలుగు గంటలకు వెళ్ళి ఫొటో తీసుకుని వస్తాను. మిరియపు తీగ జాడ బయటపడింది. గోడ మీద ఇంకా ఒక డోలు, రెండు చేతులు మిగిలాయి.