ఇంజన్ ఆయిల్ గురించి నేను చెప్పిన మాట

ఎనిమిదేళ్లుగా ఒక మాట నా గొంతులో జిడ్డులా పేరుకుని ఉంది. మింగలేను, ఉమ్మలేను. నా పేరు చెప్పను. మీరు వింటే చాలు.

మాది మద్రాసులో వ్యాసర్పాడి. మా వీధిలో ఇంగ్లీషు చదివినదాన్ని నేనొక్కదాన్నే, బడిలో టీచర్ని. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు నామీద నాకే రోత. ప్రతి వానకీ ఇళ్లలోకి నీళ్లు వస్తున్నాయని వీధివాళ్లంతా కలిసి, నీళ్లు తోడే ఇంజన్ పంపు ఒకటి కొన్నారు. దాన్ని నడిపే పని కోటయ్యకు అప్పగించారు. రైల్వే యార్డులో కూలి. ఏ యంత్రమైనా అతని మాట వినేది. చదువు మాత్రం రాదు.

వాన పట్టుకున్న రోజు పొద్దున్నే, పంపుతో వచ్చిన పుస్తకం పట్టుకుని నా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"టీచరమ్మా, దీనికి ఏ ఆయిలు పొయ్యాలనో ఈ బుక్కులో చూసి చెప్పుమ్మా. ఆడ షాపులో రెండు రకాలు చూపిస్తా ఉండారు."

అప్పుడే స్నానం చేసి ఇస్త్రీ చీర కట్టుకున్నాను. అతని వేళ్ల సందుల్లో నల్లటి మడ్డి. పుస్తకం అట్ట మీదా అదే. రెండు వేళ్ల కొసలతో అందుకుని నాలుగు పేజీలు తిప్పాను. ఒక్క అక్షరం చదవలేదు. మా నాన్న తన పాత స్కూటరుకు ఆయిల్‌ని పెట్రోల్‌లోనే కలిపేవాడు. అదే చెప్పేశాను. పుస్తకం ఓ మూల పడేసి, సబ్బుతో చేతులు కడుక్కున్నాను.

పంపు అరగంట కూడా ఆడలేదు. గరగరమని అరిచి బిగుసుకుపోయింది. మధ్యాహ్నానికి కింది ఇళ్లన్నిట్లో మోకాలి లోతు మురుగు. మంచాన పడ్డ కోటయ్య తల్లిని ఆ మురుగులోంచే మోసుకొచ్చారు. తాగి నడిపాడని వీధంతా అతన్ని తిట్టింది. అతను తాగడని నాకు తెలుసు.

ఆ రోజే పుస్తకం చదివాను. మూడో పేజీలోనే ఉంది, బొమ్మతో సహా. కొత్త ఇంజన్‌లో ఆయిల్ ఉండదు, నడిపే ముందు ఇంజన్‌కున్న ఆయిల్ మూత తీసి ఫోర్ స్ట్రోక్ ఆయిల్ నింపాలి, పెట్రోల్‌లో కలపకూడదు. చదవడానికి ఒక్క నిమిషం పట్టింది. చేతికి మడ్డి అంటుతుందని ఆ నిమిషం ఇవ్వలేదా? లేక, ఏమీ చదవకుండానే అన్నీ తెలిసినదానిలా అతని ముందు నిలబడటం నాకు అంత ఇష్టంగా ఉండిందా?

నీళ్లు తగ్గాక కోటయ్య వచ్చాడు. గుమ్మం ఎక్కలేదు.

"నువ్వు సరిగ్గానే చెప్పుంటావు టీచరమ్మా. నేనే తప్పుగా ఇన్నట్టుండాను, కదా?"

"ఆమా," అన్నాను. "నువ్వే తప్పుగా విన్నావు."

తల ఊపాడు. పైగా, నన్ను విసిగించానని నొచ్చుకున్నాడు. అతను వెళ్లగానే ఆ పేజీ చించి స్టవ్ మంట మీద కాల్చాను.

మళ్లీ అతను యంత్రం ముట్టుకోలేదు. ఇప్పుడు పురసవాక్కంలో ఒక బట్టల కొట్టు ముందు కాపలా ఉంటున్నాడు. ఎదురైతే చేతులు జోడిస్తాడు. నాకు వాంతి వచ్చినట్టుంటుంది, అతన్ని చూసి కాదు. ఎన్నోసార్లు నోరు తెరిచాను. బాగున్నావా అని అడిగి మూసుకున్నాను.

అతనికి చెప్పే ధైర్యం ఈ రోజుకీ లేదు. చెబుతానని మీకు మాటిచ్చి ఇంకో అబద్ధం ఆడను. కోటయ్య సరిగ్గానే విన్నాడు. తప్పు చెప్పింది నేను. ఇది రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అంతే.