మా తోడికోడలి మంచు కళ్ళజోడు

మా తోడికోడలికి ఒకటే కన్ను. చిన్నప్పుడు తట్టు పోసి ఎడమ కన్ను పోయింది. మిగిలిన కుడి కంటికి నిరుడు శుక్లం తీశారు. ఆ ఒక్క కంటితోనే ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతుంది, సూదిలో దారం ఎక్కిస్తుంది, నా చీర అంచుకు అంటిన మరకను వీధి గుమ్మంలోంచే పట్టేస్తుంది. అలాంటి మనిషి ఈ వేసవిలో మంచుకొండ చూస్తానంది.

తాడేపల్లిగూడెంలో పెద్దవాళ్ళను యాత్రలకు తీసుకెళ్ళే ఒకాయన ఈసారి మనాలి పెట్టాడు. అందులో ఒక పూటంతా మంచు మీద. నడవచ్చు, చెక్కబండి మీద కూర్చుని జారవచ్చు. మా తోడికోడలు నన్ను అడక్కుండానే ఇద్దరి పేర్లూ ఇచ్చేసి వచ్చింది. ఆమె కొడుకు ఒప్పుకోలేదు. ముగ్గురం కలిసి ఏలూరులో కంటి డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం.

డాక్టరు గారు సూటిగా చెప్పారు. మంచు మీద పడిన ఎండ కింది నుంచి కూడా కంట్లోకి కొడుతుంది. అది కంటి పైపొరను కాలుస్తుంది. రెండు కళ్ళున్న వాళ్ళకైతే రెండు మూడు రోజుల బాధ. ఒక్క కన్నున్న మనిషికి ఆ రెండు మూడు రోజులూ గుడ్డితనమే, అందులో ఏ చిన్న తేడా వచ్చినా ఇక చూడడానికి రెండో కన్ను లేదు. వెళ్ళాలంటే మంచుకొండలు ఎక్కేవాళ్ళు పెట్టుకునే కళ్ళజోడు ఉండాలి. మామూలు కూలింగ్ గ్లాసులు పనికిరావు.

బయటికి వచ్చాక ఆమె కొడుకు నావైపు తిరిగాడు.

"పెద్దమ్మా, అద్దాలు మీరు చూడండి. మీకు నచ్చితే అమ్మని పంపిస్తాను. నచ్చకపోతే లేదు."

వాడి లెక్క నాకు అర్థమైంది. గంటన్నర బేరమాడి కొన్న వంకాయల్ని మళ్ళీ మార్కెట్టుకు తీసుకెళ్ళి తిరిగిచ్చేదాన్ని నేను. నాకు నచ్చే కళ్ళజోడు లోకంలో ఉండదని వాడి ధీమా.

"సరే," అన్నాను. మా తోడికోడలు నాకేసి జడ్జిగారిని చూసినట్టు చూసింది.

పవరుపేటలో మాకు తెలిసిన కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. తాత నుంచి మనవడి దాకా ఒకే ముస్లిం కుటుంబం నడుపుతోంది. ఇప్పుడు కూర్చునేది ఆ మనవడే, అతనికీ జుట్టు నెరిసింది. విషయం చెప్పాను.

"మంచుకొండకా అమ్మగారూ? ఏలూర్లోనాండి?"

"మంచు మనాలిలోనండి. కొనేది ఏలూర్లో."

అతను లోపలికి వెళ్ళి దుకాణంలోకెల్లా నల్లటి జోడు తెచ్చాడు. "ఇది పెట్టుకుంటే మిట్టమధ్యాహ్నం కూడా చీకటేనండి. మొన్న ఓ పెళ్ళికొడుకు పట్టుకెళ్ళాడండి."

"నలుపు కాదండీ నాకు కావలసింది. అతినీలలోహిత కిరణాలు పూర్తిగా ఆపుతుందా?"

"స్టిక్కరు ఉందండి, చూడండి."

"స్టిక్కరు ఊడొస్తోంది."

"ఊడినా ఆపుద్దండి."

"పోనీ అక్కయ్యా," అంది మా తోడికోడలు, "ఆ స్టిక్కరు నా నుదుటికి అంటించు. బొట్టు కింద సరిపోద్ది."

నేను నవ్వలేదు. కిరణాలను ఆపని నల్లద్దం అసలు అద్దం లేకపోవడం కన్నా హాని. చీకటిగా ఉందనుకుని కంటిపాప విప్పారుతుంది, విప్పారిన దారిలో ఆ కిరణాలు ఇంకాస్త ఎక్కువ దూరతాయి. ఈ సంగతి చెప్పి, కాడ లోపలి వైపు ఏ రకమో అంకె వేసి ఉంటుంది, చూడమన్నాను. సున్నా నుంచి నాలుగు దాకా రకాలు. మూడో రకం ఎండకు సరిపోతుంది. మంచుకొండకు నాలుగో రకం, వందపాళ్ళ వెలుతురులో ఎనిమిది పాళ్ళు కూడా లోపలికి రానివ్వదు. అతని దగ్గర ఉన్నవన్నీ రెండు, మూడు.

"నాలుగు అమ్మమండి. అది పెట్టుకుని బండి నడిపితే ఎదరున్నోణ్ణి గుద్దేస్తారండి."

ఆ మాట మాత్రం నిజమే. నాలుగో రకంతో బండి నడపకూడదు. మేము బండి నడపమని హామీ ఇచ్చాక, హైదరాబాదు నుంచి మూడు జతలు తెప్పించాడు. "ఇంటికి తీసుకెళ్ళి చూసుకోండమ్మగారూ. గీతలు పడకుండా ఉంటే చాలు, నచ్చనివి తిరిగి తెచ్చేయండి," అని మూడూ మా చేతిలో పెట్టాడు.

ఒకటి బూడిదరంగు అద్దాలది, నీళ్ళ మీది తళతళను కోసేసే రకం. రెండోది గోధుమరంగుది, పక్కల నుంచి వెలుతురు రాకుండా తోలు మూతలున్నది. మూడోది మంచు మీద జారేవాళ్ళు పెట్టుకునేది, ముఖం సగం కప్పేసి చుట్టూ స్పాంజి ఉండి, వెనక రబ్బరు పట్టీతో బిగుసుకునేది. అది పెట్టుకుంటే మా తోడికోడలు వెల్డింగు షాపు యజమానిలా ఉంది.

ఇక పరీక్ష. పైన మంకీ టోపీ ఉన్నప్పుడు కళ్ళజోడు ఎలా కూర్చుంటుందో చూడాలి కాబట్టి, మే నెల ఎండలో ఆమెకు ఉన్ని మంకీ టోపీ తొడిగి వరండా మెట్టు మీద కూర్చోబెట్టాను. కింది నుంచి వెలుతురు దూరుతోందో లేదో తెలియాలి. దానికి స్టీలు కంచం ఒళ్ళో పెట్టి, ఎండ గడ్డం కిందికి కొట్టేలా తిప్పాను.

"కన్ను గట్టిగా మూసుకో. రెప్ప మీద ఎక్కడైనా ఎర్రగా తెలిస్తే చెప్పు."

"ఒళ్ళంతా ఎర్రగానే తెలుస్తోంది అక్కయ్యా. వడదెబ్బకి మంచులో మందు ఉంటుందేమో కనుక్కో."

బూడిదరంగు దానికి ముక్కు పక్కన సందు ఉంది. స్పాంజిదానికి సందు లేదు గానీ, టోపీలోంచి పైకి వచ్చిన ఊపిరికి అద్దం ఆవిరి పట్టేసింది. ఆవిరి ఎవరికైనా పడుతుందేమో చూద్దామని, ఆమెకు గోధుమరంగుది పెట్టి, అది నేను పెట్టుకుని పక్కన కూర్చున్నాను. నాకూ పట్టింది. అందుకే గేటు తీసుకుని వస్తున్న మనిషిని దగ్గరికొచ్చేదాకా పోల్చుకోలేకపోయాను.

ఎదురింటి పురోహితుడుగారి భార్య. చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టు, సంచీలో బత్తాయిలు.

"ఏవండీ, మాట మాత్రమైనా చెప్పలేదు. ఇద్దరికీ ఒకేసారి చేయించేసుకున్నారాండీ ఆపరేషను?"

మా ఊళ్ళో ముసలావిడ నల్లద్దాలు పెట్టుకుని వరండాలో కూర్చుంటే దానికి ఒకటే అర్థం. శుక్లం తీశారని. ఆపరేషను కాదని చెప్పాను.

"దాచుకుంటారేంటండీ. పక్కలకి మూతలు కూడా ఉన్నాయి కదండీ. మా ఆడపడుచుకీ అలాగే ఇచ్చేరు."

"మేము మంచులోకి వెళ్తున్నామండి. అంతా తెల్లగా ఉంటుంది, అందుకని."

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. గొంతు తగ్గించింది.

"మొదట్లో అలాగే అనిపిస్తుందండీ. మా అత్తగారు కూడా ఆపరేషనయ్యాక తెల్లతెల్లగా ఏవో కనిపిస్తున్నాయనేవారు. వారం రోజుల్లో పోతాయి. భయపడకండి."

మా తోడికోడలు నవ్వాపుకోలేక టోపీ కిందికి లాక్కుంది. ఆవిడ దాన్ని కూడా నొప్పి అనుకుంది.

పరామర్శకు తెచ్చిన పళ్ళు తిరిగివ్వకూడదు, వచ్చిన వాళ్ళను కాఫీ ఇవ్వకుండా పంపకూడదు. పొద్దు వాలేసరికి వీధిలో సగం మంది వచ్చి వెళ్ళారు. తలకు నీళ్ళు పోసుకోవద్దన్నారు, వంగవద్దన్నారు, పప్పు తినవద్దన్నారు. ఆమె కొడుకు ఆఫీసు నుంచి వచ్చేసరికి ముందుగదిలో బత్తాయిల గుట్ట, గుమ్మం నిండా పరాయివాళ్ళ చెప్పులు. పాపం, వాడు చెప్పులతోనే లోపలికి పరిగెత్తుకొచ్చాడు.

ఇంతా చేసి పురోహితుడుగారి భార్య వెళ్తూ వెళ్తూ కంచం గురించి అడిగింది. వెలుతురు చూస్తున్నామన్నాను. మర్నాడు పొద్దున్నే ఆవిడ వాళ్ళ మెట్ల మీద కంచం పెట్టుకుని మోకాళ్ళకు ఎండ పట్టించుకుంటోంది. రోడ్డు దాటి వెళ్ళి, అది వైద్యం కాదని చెప్పాను.

"మీకు పనిచేసింది కదండీ," అంది ఆవిడ, కంచం ఇంకాస్త వంచుతూ.

ఇంటి మెట్టు మీద తేలనిది ఇంకొకటి ఉంది. కనుచూపుమేర తెలుపు మీద నడిస్తే ఎలా ఉంటుంది? ఏలూరులో అంత తెలుపు ఎక్కడ తేవాలి? కొల్లేటికోటలో మా తమ్ముడికి చేపల చెరువు ఉంది. నీళ్ళు తోడేసి, ఎండగట్టి, కొత్తగా చేపపిల్లల్ని వదిలే ముందు చెరువు అడుగంతా సున్నం చల్లుతారు. ఫోను చేస్తే, చల్లడం అయిపోయింది, పైన తడికి గట్టిపడింది కూడా అన్నాడు. గాలి లేని పూట చూసి ఆటో కట్టించుకుని వెళ్ళాం. దుమ్ము కంట్లో పడుతుందని చెరువులోకి దిగకుండా గట్టు మీదే ఉన్నాం.

"అక్కా, సున్నం చూడ్డానికి ఇంత దూరం వచ్చేవా," అన్నాడు తమ్ముడు. "చిన్నక్కగారండీ, ఆ టోపీ ఏంటండీ?"

"మీ అక్కయ్య హుకుం," అంది మా తోడికోడలు. చేతులకు ఉన్ని తొడుగులు కూడా ఉన్నాయి. చెరువు మీద పనిచేసే మనుషులు దూరంగా నిలబడి, పెద్దావిడకి చలిజ్వరమేమో, ఎండలో నిలబెట్టేరేంటి అని జాలిపడుతున్నారు.

మధ్యాహ్నపు ఎండలో ఆ చెరువు అడుగు ఎంత తెల్లగా ఉందంటే, వట్టి కంటితో ఓ క్షణం కూడా చూడలేం. ముందు బూడిదరంగువి పెట్టాను. తళతళ పూర్తిగా పోయింది. మా తోడికోడలికి అవే నచ్చాయి. ఎంతో చల్లగా ఉన్నాయంటూ నడిచింది. గట్టు మీద ఒకచోట పంపు నీళ్ళు కారి తడిసి నున్నగా ఉంది. తడి మెరుస్తుంది, మెరుపును బట్టే మనం అడుగు తప్పిస్తాం. ఆ అద్దాలు ఆ మెరుపునే తినేశాయి. పైగా ఒక్క కంటికి లోతు సరిగా తెలియదు. ఆమె నేరుగా దాని మీదే కాలు వేసింది. రెక్క పట్టుకుని లాగాను కాబట్టి సున్నంలో పడలేదు. గడ్డకట్టిన మంచు కూడా అలాగే మెరుస్తుంది, అలాగే జారుస్తుంది.

ఆ జోడు తీసి పక్కన పెడితే మా తమ్ముడు పెట్టుకుని పక్క చెరువు నీళ్ళలోకి చూశాడు.

"అక్కా, అడుగున చేప తిరుగుతోంది. రెక్క కూడా కనపడుతోంది."

అంతే, మళ్ళీ తీయలేదు. దుకాణంలో ఏం చెప్పాలా అని నేను ఆలోచిస్తుండగానే వాడు వాటితో పక్క రైతు చెరువు కూడా చూసి వచ్చాడు.

గోధుమరంగు అద్దాల్లోంచి సున్నంలో పగుళ్ళు, గుంటలు, కాకి నడిచిన గుర్తులు కూడా విడివిడిగా తెలిశాయి. తడి మెరుపు తడి మెరుపులాగే ఉంది. ముక్కు దగ్గర కొద్దిగా వదులు ఉంటే దుకాణంలో వేడిచేసి సరిచేయించాను. పోగొట్టుకుంటే కష్టమని అలాంటిదే ఇంకొకటి, నాకొకటి తెప్పించాను.

"నచ్చాయా పెద్దమ్మా?" అన్నాడు కొడుకు.

"నచ్చాయి."

వాడు ఆ జవాబుకు సిద్ధపడి లేడు. "పక్కలకి మూతలున్నాయా?" అన్నాడు. ఉన్నాయన్నాను. ఆ రెండు జతలూ వాడే తీసుకెళ్ళి అమ్మ సంచీలో పెట్టాడు.

మంచు మీదికి వెళ్ళిన రోజు మబ్బు పట్టింది. మాతో వచ్చిన వాళ్ళందరూ అద్దాలు తీసేశారు. ఎండ లేదు కదమ్మా, తీసెయ్యండి, అని యాత్ర నడిపే ఆయన కూడా అన్నాడు. మబ్బు ఎండను ఆపుతుంది గానీ ఆ కిరణాలన్నిటినీ ఆపదు. నేను వద్దన్నాను. మా తోడికోడలు నడిచింది, చెక్కబండి ఎక్కి జారింది, లేచి మళ్ళీ జారింది. తర్వాత నా పక్కకు వచ్చి నిలబడింది.

"అక్కయ్యా, మంచు టీ రంగులో ఉంది."

"అద్దం రంగు అది."

"తెలుసు. నువ్వు వద్దంటే తియ్యను. ఇంటికెళ్ళాక తెల్లగా ఉందా అని అడిగితే ఏం చెప్పను?"

నేను ఒక్కో అద్దాన్నీ ఎండలో, కంచం మీద, సున్నం మీద చూశాను గానీ ఈ ప్రశ్న ఆలోచించలేదు. ఆమె ఇంత దూరం వచ్చింది తెలుపు చూడ్డానికి. దాన్ని చూడకుండా చేసే వస్తువునే నేను అంత జాగ్రత్తగా ఎంచాను.

నా నల్ల ఉన్ని శాలువా తీశాను. ఆమెను మంచులో చతికిల కూర్చోబెట్టి, గుప్పెడు మంచు చేతిలో పెట్టి, తల మీది నుంచి నేల దాకా శాలువా కప్పాను. కింది అంచుల మీద మోకాళ్ళు వేసి, సందు లేకుండా రెండు చేతులతో నొక్కి పట్టుకున్నాను.

"ఇప్పుడు తియ్యి."

లోపల కదలిక తెలిసింది.

"కనిపిస్తోందా?"

"తెలుపే అక్కయ్యా. శాలువా నేతలోంచి వచ్చే ఈ కాస్త వెలుతురులో కూడా తెలుపే. చెయ్యి జివ్వుమంటోంది, ఉండు, ఇంకాస్త చూస్తాను."

ఉన్నాను. పక్కవాళ్ళు ఏదో అడుగుతున్నారు. నేను శాలువా అంచు మీది నుంచి కళ్ళు తిప్పలేదు. వంగినప్పుడు నా కళ్ళజోడు జారి మెడ పట్టీకి వేలాడుతోందని, ఆమె అద్దాలు పెట్టుకుని బయటికి వచ్చి నాకేసి చూసి చెప్పేదాకా నాకు తెలియదు. అప్పటికి చాలాసేపే అయి ఉంటుంది.

హోటలుకు వచ్చిన కొన్ని గంటలకు నా కళ్ళలో ఇసుక పోసినట్టయింది. నీళ్ళు ధారగా కారుతున్నాయి, రెప్ప విప్పలేను. రెండు మూడు రోజుల్లో తగ్గుతుందని నాకు తెలుసు కాబట్టి కంగారుపడలేదు. మా తోడికోడలు తన కంటిని అద్దంలో చూసుకుంది. ఎర్రబడలేదు, నీరు లేదు. తడిగుడ్డ నా కళ్ళ మీద వేసి కట్టి, చెయ్యి పట్టుకుని భోజనాల గదికి తీసుకెళ్ళింది.

"మెట్టుంది. ఇంకోటుంది. ఆఁ, కుర్చీ."

కూర్చున్నాను. కంచం ముందు పెట్టింది. ఏదో కూర వాసన వచ్చింది.

"ఏం కూర?"

"బంగాళాదుంప. పచ్చిమిరపకాయలు నీ వైపే ఉన్నాయి, ఆగు, తీసేస్తున్నా."