మూడో రౌండు చూడని ఛాంపియన్

మా జగ్గయ్యపేట హెవీవెయిట్ ఛాంపియన్‌ను రింగులో చూడకముందే ఫ్లెక్సీల మీద చూసి చూసి నాకు మొహం మొత్తింది. బస్టాండు ఎదురుగా ఒకటి, హైవే మలుపు దగ్గర ఒకటి, సరిగ్గా మా కిరాణా కొట్టు నెత్తిన ఒకటి. అన్నిటిలోనూ నల్ల కళ్ళద్దాలు, చేతులకు గ్లౌజులు, వీపు వెనకాల నోరు తెరిచిన సింహం. గుద్దులాటకు పోయేవాడికి కళ్ళద్దాలెందుకో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. లారీలున్న ఇంటి పిల్లాడు, చుట్టూ భజన చేసే కుర్రాళ్ళు, ఇక ఫ్లెక్సీలకేం కరువు.

ఏటేటా జిల్లా ఛాంపియన్ అతనే. ఎలా అయ్యాడో చెప్పడం పెద్ద కష్టమేమీ కాదు. అంత బరువున్నవాళ్ళు బాక్సింగుకు రావడమే అరుదు. వచ్చినవాళ్ళలో సగం మంది అతని పేరు వినగానే కడుపునొప్పి తెచ్చుకుని ఇంట్లో పడుకునేవాళ్ళు. మిగిలినవాళ్ళు మొదటి రౌండులో ఆ కుడిచెయ్యి గాలిలోకి లేవగానే పడిపోయేవాళ్ళు. కొందరైతే తగలకముందే పడ్డారని నా అనుమానం.

నేను నందిగామలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. రోజూ బస్సులో వెళ్ళి వస్తాను. బస్సులో పిల్లలు ఫోన్లు పట్టుకుని అతని రీల్సు చూసి చంకలు గుద్దుకునేవాళ్ళు, నన్నూ చూడమనేవాళ్ళు. చూశాను. ప్రతి రీలు చివరా అతను చేతులు పైకెత్తి రింగంతా తిరుగుతుంటాడు. నోరు మాత్రం తెరుచుకునే ఉంటుంది. కాసేపైనా ఆడకుండానే వగరుస్తున్నాడు. మా ఇంటి మెట్లెక్కి వచ్చిన మా నాన్న కూడా సరిగ్గా అలాగే వగరుస్తాడు, ఆయన్ని ఎవరూ సింహం అనలేదు.

మా తమ్ముడు డిగ్రీ చదువుతూ బాక్సింగులో దిగాడు. హెవీవెయిట్‌లోకి ఎందుకు వచ్చాడంటే మా అమ్మ పోసిన నెయ్యి వల్ల. ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది. కొట్టుకు వచ్చిన ప్రతివాడూ "ఏంటండీ షావుకారు గారూ, తక్కెడ పట్టాల్సిన చేతికి గ్లౌజులు తొడిగారంట" అని పళ్ళికిలించడమే. మా నాన్న వాళ్ళతో పాటు నవ్వేసి, ఇంటికొచ్చి వాడి మీద పడేవాడు.

"నలుగురితో మంచిగా ఉండి వ్యాపారం చేసుకునేవాళ్ళం. మనకెందుకురా ఈ గుద్దులాటలు?"

వాడు తలొంచుకుని అన్నం తినేవాడు. వాడి పద్ధతే అంత, చిన్నప్పటి నుంచీ ఎదురు చెప్పడు.

ఆ ఏడు జిల్లా పోటీలు నందిగామలో పెట్టారు. హెవీవెయిట్‌లో పేరిచ్చింది ఇద్దరే, ఛాంపియనూ మా వాడూ. ఆ సంగతి తెలిసిన రోజు మా నాన్న కంచం ముందు కూర్చుని, పెద్ద ధర్మప్రభువులాగా ఒక షరతు పెట్టాడు.

"మూడు రౌండ్లూ కాళ్ళ మీద నిలబడ్డావా, నీ ఇష్టం, ఆడుకో. కింద పడ్డావా, ఆ గ్లౌజులు నా చేతికిచ్చి మర్నాటి నుంచి కొట్లో కూర్చోవాలి. సరేనా?"

"సరే నాన్నా" అన్నాడు వాడు.

ఎంత ఉదారబుద్ధి అనుకుంటారు వినేవాళ్ళు. నాకు తెలుసు ఆయన సంగతి. అప్పటికే గల్లాపెట్టె పక్కన వాడి కోసం కొత్త కుర్చీ కొనిపెట్టాడు. మెత్తటి దిండున్న కుర్చీ. మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. కన్నకొడుకు మొదటి రౌండులోనే పడతాడని అంత గట్టి నమ్మకం ఉన్న తండ్రిని నేనింకెక్కడా చూడలేదు.

ఇక సలహాలు. చింతపండు కొనడానికి వచ్చినవాడూ బాక్సింగు పండితుడే. పెనుగంచిప్రోలు ఆటో ఆయన "కడుపులో ఒక్కటి దించాలండి, అంతే" అన్నాడు. రిటైరైన మేష్టారొకాయన మోకాలి మీద కొట్టమన్నాడు. నడుము కింద కొడితే తప్పంటారని చెబితే, "ఎవరు చూస్తారమ్మా" అన్నాడు. ఇన్నేళ్ళూ పిల్లలకు నీతిపాఠాలు చెప్పిన నోరది. వీళ్ళలో ఒక్కడికీ మా వాడు గెలుస్తాడని లేదు. ఊరికే నోటి దురద.

మా వాడికి ఆట నేర్పిన సారు ఒక్కరే పనికొచ్చే మాట చెప్పారు. ఆయన పోలీసు ఉద్యోగం చేసి రిటైరయ్యి, పాత పత్తి జిన్నింగు మిల్లు షెడ్డులో పిల్లలకు బాక్సింగు నేర్పేవారు. నేను రీల్సులో చూసిన సంగతి, ఆ తెరిచిన నోటి సంగతి చెబితే ఆయన తల ఊపారు.

"అతను మూడో రౌండు దాకా ఎప్పుడూ రాలేదమ్మా. రావాల్సిన పని పడలా" అని మా తమ్ముడి వైపు తిరిగారు. "వాడు కొడతాడు, కొట్టనీ. నీకు తగలకుండా చూసుకో. తగిలిన గుద్దు కంటే తగలని గుద్దుకే మనిషి ఎక్కువ అలిసిపోతాడు. నీ ఎడమ చెయ్యి వాడి మొహం ముందు నుంచి తియ్యమాక. మరీ మీద మీదకొస్తే పట్టేసుకుని నీ బరువంతా వాడి మీద వెయ్యి. మోయనీ కాసేపు."

మా వాడు రోజూ అదే పని చేశాడు. ముగ్గురు కుర్రాళ్ళు వంతులవారీగా వచ్చి గుద్దుతుంటే తప్పుకోవడం, పట్టుకోవడం, మళ్ళీ తప్పుకోవడం. చూడ్డానికి పరమ విసుగు. రీలు తీస్తే ఒక్కడూ చూడడు.

పోటీ నాటికి ఎండలు మండిపోతున్నాయి. ఆట సాయంత్రం, కాలేజీ గ్రౌండులో. కానీ ఛాంపియన్‌ను సన్మానించాల్సిన నాయకుడికి సాయంత్రం వత్సవాయిలో పెళ్ళి ఉందట. సన్మానం లేకుండా మనవాళ్ళకు ఏ పనీ జరగదు కదా. అందుకని భజన బృందం కూర్చుని బ్రహ్మాండమైన ఉపాయం ఆలోచించింది. గెలిచాక చేయాల్సిన సన్మానం మధ్యాహ్నమే కానిచ్చేద్దాం, గెలుపు సాయంత్రం ఎలాగూ వస్తుంది. ఇంత తెలివి మా ప్రాంతంలో తప్ప ఎక్కడా పండదు.

పొద్దెక్కాక జగ్గయ్యపేటలో ఊరేగింపు బయల్దేరింది. టాపు లేని జీపులో అతను నిలబడ్డాడు. ముందు డీజే, వెనక బైకులు, పైన డ్రోను. డ్రోను వచ్చినప్పుడల్లా "అన్నా, చేతులు దించమాక" అని కింద నుంచి అరుపులు. నందిగామ దాకా హైవే పొడుగునా ఆ మనిషి రెండు చేతులూ పైకెత్తి ఎండలో నిలబడే వచ్చాడు. నందిగామ సెంటర్లో క్రేను పెట్టి గజమాల వేశారు. ఆ బరువు మోస్తూ ఉపన్యాసాలు విన్నాడు. మైకు పట్టుకున్న ప్రతివాడూ అతని కుడిచెయ్యి పట్టుకుని పైకెత్తి ఫొటో దిగాడు. శాలువా మీద శాలువా కప్పారు, ఆ ఎండలో. ఆ తర్వాత బిరియానీ. ప్రత్యర్థి చెయ్యాల్సిన పనంతా అభిమానులే పూర్తి చేశారు.

మేం బస్సులో వెళ్ళాం. మా వాడు పెరుగన్నం తిని, కాలేజీ వరండాలో బ్యాగు తల కింద పెట్టుకుని నిద్రపోయాడు. ఛాంపియన్ అటుగా వెళ్తూ ఆగి, కాలితో బ్యాగును తట్టాడు.

"ఏం తమ్ముడూ, ఇంటికెళ్ళిపోవచ్చుగా. నాన్నగారు పాపం ఒక్కరే కొట్లో ఉన్నారంట."

వెనకున్న మూక పగలబడి నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మా వాడు కళ్ళు తెరిచి చూసి, పక్కకు తిరిగి పడుకున్నాడు.

మా నాన్న సాయంత్రం కొట్టు వ్యాను వేసుకుని వచ్చాడు. కొడుకు ఆట చూడటానికి కాదట, పడిపోతే బస్సులో తేవడం కష్టమని. చివరి వరసలో కూర్చుని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

మొదటి రౌండు గంట కొట్టగానే ఛాంపియన్ మీద పడ్డాడు. కుడిచెయ్యి ఊపుతుంటే ఆ గాలి మా దాకా వస్తుందా అనిపించింది. మా వాడు తప్పుకుంటూ వెనక్కి, పక్కకి తిరుగుతున్నాడు. ఒకటి మాత్రం చెవి మీద పడింది. వాడి మోకాళ్ళు వంగాయి. అప్పటిదాకా నాలో ఉన్న వెటకారమంతా ఎటు పోయిందో, దేవుడా పడకుండా చూడు అని గొణుక్కోవడమే. వాడు ఛాంపియన్ నడుము పట్టుకుని, బరువంతా మీద వేసి, ఎలాగో నిలబడ్డాడు.

"ఒరేయ్, కౌగిలించుకోడానికొచ్చావేంట్రా?" అని ఎవడో అరిచాడు. అందరూ నవ్వారు.

రెండో రౌండులోనూ అదే తంతు. ఛాంపియన్ గుద్దుతాడు, అది గాలికి పోతుంది. మా వాడి ఎడమ చెయ్యి టక్కున వెళ్ళి అతని ముక్కు మీద తగిలి వెనక్కి వస్తుంది. అతనికి నొప్పి కంటే ఉక్రోషం ఎక్కువైంది. ఇంకా గట్టిగా ఊపాడు, ఇంకా దూరంగా పోయింది. సగం రౌండు గడిచేసరికి నోరు తెరిచాడు. నాకు తెలిసిన నోరే అది.

మూడో రౌండుకు అతను స్టూలు మీద నుంచి లేవడానికి తాడు పట్టుకోవాల్సి వచ్చింది. ఇంకా ఉందా అన్నట్టు తన మనుషుల వైపు చూశాడు. పొద్దుటి నుంచీ ఆకాశానికి ఎత్తిపెట్టిన చేతులు ఇప్పుడు మొహం దాకా కూడా లేవడం లేదు. మా వాడు అంతవరకూ దాచుకున్న కుడిచెయ్యి అప్పుడు తీశాడు. రిఫరీ ఒకసారి ఆపి అంకెలు లెక్కపెట్టాడు. మళ్ళీ మొదలైంది. మళ్ళీ తగిలింది. రెండోసారి లెక్కపెడుతుంటే ఛాంపియన్ తల అడ్డంగా ఊపి, తన మూలకు తిరిగి నడిచాడు. ఎవరూ పడగొట్టలేదు. తనకు తానే చాలించుకున్నాడు. ఆట ఆపి మా వాడి చెయ్యి పైకెత్తారు.

వేయడానికి దండ లేదు, ఉన్న దండ మధ్యాహ్నమే అయిపోయింది. కప్పడానికి శాలువా లేదు. నాయకుడు వత్సవాయిలో పెళ్ళి భోజనం చేస్తున్నాడు. మైకు పట్టుకున్నాయన చేతిలో ఛాంపియన్ కోసం రాసుకున్న పొగడ్తలున్నాయి కాబట్టి అవే చదివేశాడు, పేరు దగ్గర మాత్రం ఒకసారి తడబడి మార్చుకున్నాడు. ఛాంపియన్ మనుషులు "అన్నకి ఎండదెబ్బ తగిలింది, లేకపోతేనా" అని చెప్పుకుంటూ బైకులెక్కారు. ఆ ఎండలోకి అతన్ని తోలుకెళ్ళింది వాళ్ళేనని ఒక్కడికీ గుర్తు రాలేదు. సిగ్గులేకపోతే సరి.

మర్నాడు పొద్దున మా కొట్టు ముందు జాతర. నిన్నటిదాకా పళ్ళికిలించినవాళ్ళే "మనవాడండీ, మనకి ముందే తెలుసు" అంటున్నారు. మోకాలి మీద కొట్టమన్న మేష్టారు తన సలహా వల్లే గెలిచాడని చెబుతున్నారు. మా నాన్న అందరికీ టీ తెప్పించి, తనే గెలిచినట్టు మురిసిపోయాడు. జనం పలచబడ్డాక, ప్రాక్టీసు బ్యాగు భుజాన వేసుకుని బయటికొచ్చిన మా వాడిని పిలిచి కొత్త కుర్చీ చూపించాడు.

"గెలిచావుగా, ఇంక చాలు. పేరొచ్చినప్పుడే మానుకోవాలి. రా, కూర్చో."

నేను కాలేజీకి బయల్దేరబోతూ ఆగిపోయాను. షరతు పెట్టింది ఈయనే కదా. పడిపోతే కొట్టు, నిలబడితే ఆట. ఇప్పుడు గెలిచినా కొట్టేనట. ఆ ఛాంపియన్‌కైనా ఓడిపోయానన్న సంగతి తెలిసింది. అడగబోతుంటే మా తమ్ముడు ఎడమ చెయ్యి కొంచెం ఎత్తి నన్ను ఆపాడు.

మా నాన్న మొదలుపెట్టాడు. ముక్కు పగిలితే పిల్లనెవరిస్తారన్నాడు. అమ్మ నిన్న అన్నం ముట్టలేదన్నాడు. వాడు కదల్లేదు. గొంతు పెంచాడు. ఆ సారుకేం పనీపాటా లేదన్నాడు, చెడగొట్టేది ఈ అక్కే అన్నాడు, తాతల నాటి వ్యాపారం నీతోనే పోతుందన్నాడు. వాడు బ్యాగు భుజాన అలాగే ఉంచుకుని, తలొంచుకుని నిలబడ్డాడు. మా నాన్న ఇంకో మాట కోసం నోరు తెరిచాడు. మాట రాలేదు. ఊపిరి మాత్రం వచ్చింది.

పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు. ప్లాస్టిక్ కవరు కరకరలాడింది. నేను మంచినీళ్ళిస్తే తాగి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. మా వాడు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఎన్నింటికి నీ ప్రాక్టీసు?" అన్నాడు చివరికి.

"ఇప్పుడే నాన్నా."

"వెళ్ళు మరి. ఈ కుర్చీ బాగానే ఉంది. నేనే కూర్చుంటా."