వరండాలో నాలుగు చక్రాలు

మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయాక కారు అమ్మేశాం. రాజమండ్రిలో ఆయన కిరాయికి తిప్పిన కారది. కొన్నవాళ్లకు పాత ఇనప చక్రాలు బిగించి ఇచ్చి, ఆయన ముచ్చటపడి కొనుక్కున్న అల్లాయ్ చక్రాలను టైర్లతో సహా వరండాలో ఉంచుకున్నాం. మళ్లీ కారు కొన్నప్పుడు వేసుకుందామని ఆయన పట్టు. కాదనడానికి నాకు నోరు రాలేదు.

రెండు వేసవులు గడిచాయి. ఆయన మంచం దిగలేదు. ఒకరోజు చక్రాలు కడిగి, ఫొటోలు తీసి, ఫోనులో అమ్మకానికి పెట్టాను. చాలామంది ధర అడిగి ఊరుకున్నారు. చివరికి నిడదవోలు నుంచి ఒకతను వచ్చాడు. గొంతుక్కూర్చుని టైరు అంచును గోటితో గీరి చూశాడు.

"పగుళ్లిచ్చేసినయ్యండి. వీటితో హైవే ఎక్కలేం."

"ఎక్కువ తిరగలేదు బాబూ."

"తిరక్కపోయినా ఎండకి పాడైపోతాయండి. రిమ్ములు బాగున్నాయి, అవిస్తే తీసుకుంటాను."

లోపల మంచం మీంచి మా ఆయన ముద్దముద్దగా ఏదో అన్నారు. అతను గుమ్మం దగ్గరికెళ్లి, "ఏంటండీ బాబాయ్ గారూ?" అని అడిగాడు. ఆయన మళ్లీ అన్నారు. అతనికి అర్థం కాక నా వైపు చూశాడు.

"అమ్మనంటున్నారు" అన్నాను.

"మీరూ మీరూ మాట్లాడుకుని ఫోన్ చెయ్యండి" అని అతను వెళ్లిపోయాడు.

నేను మంచం పక్కన కూర్చున్నాను. "ఇంకెప్పుడు నడుపుతారండీ?" అన్నాను. అన్నాళ్లూ ఆ మాట నేను అడగలేదు. "అమ్మెయ్" అన్నారు ఆయన. ఆ ఒక్క మాటా తేటగా వచ్చింది.

సాయంత్రం ఫోన్ చేస్తే, నిడదవోలు అతను వేరేచోట కొనేశానన్నాడు. ఆ తర్వాత ఎవరూ రాలేదు. వాన జల్లుకు చక్రాల గుంటల్లో నీళ్లు నిలిచి దోమలు లేస్తున్నాయని ఇరుగుపొరుగు గొడవపెడితే, పాత సామాన్లవాణ్ణి పిలిచాను.

"రబ్బరు నాకెందుకండి, రిమ్ములే తీసుకెళ్తాను" అని అతను గునపం, సుత్తి తీశాడు.

"మీ కొట్టు దగ్గర ఊడదీసుకోండి."

"ఇంత బరువు బండి మీద లాగలేనమ్మా."

గేటు ముందే కొట్టడం మొదలుపెట్టాడు. నేను లోపలికెళ్లేసరికి మా ఆయన ఎడమ చేత్తో ఎడమ చెవి గట్టిగా మూసుకుని ఉన్నారు. రెండో చెవికి నేను అరచెయ్యి అడ్డంపెట్టాను. అయినా ప్రతి దెబ్బకీ ఆయన ఒళ్లు జలదరిస్తూనే ఉంది.