ఇంటి మడి పాలకూర

మా పొలంలో రెండు రకాల పాలకూర పండుతుంది. చూడడానికి రెండూ ఒకటే. ఒకటి మేం తినేది, రెండోది మేం అమ్మేది. ఈ మాట ఇంత సూటిగా ఎక్కడా అనలేదు నేను. రాస్తుంటే నాకే తల కొట్టేసినట్టుంది.

పటాన్‌చెరు దాటాక ఫ్యాక్టరీల వెనక ఉంటుంది మా ఊరు. పెళ్ళై వచ్చిన కొత్తలో అత్త నన్ను వెంటబెట్టుకుని ఉన్న రెండెకరాలూ చూపించింది. రోడ్డు వైపు కాస్త ఎత్తు. అక్కడ బోరు ఉంది. ఆ బోరు పోసే సన్నటి ధారకు ఒక్క మడే తడుస్తుంది. మిగతా నేలంతా వాగు వైపు పల్లంలో ఉంది, దానికి మోటారు పెట్టి వాగు నీళ్ళే పారిస్తాం. "ఇది ఇంటి మడి, అది అంగడి మడి. ఇంట్ల వండేటియి ఈడికెల్లే తెంపాలె" అంది అత్త. ఎందుకని నేనడగలేదు, ఆమె చెప్పలేదు. వాగు పొడుగునా ప్రతి ఇంట్లోనూ ఇంతే.

ఆ వాగులోకి ఫ్యాక్టరీల నీళ్ళు వస్తాయి. నురగ తేలిన రోజులు చూశాను, రంగు మారిన రోజులు చూశాను. మా బర్రెలు ఎంత దాహమేసినా అందులో మూతి పెట్టవు. ఇప్పుడు చాలా తగ్గిందంటారు. తగ్గితే అంగడి మడిలోది మేమెందుకు తినం? ఈ ప్రశ్న నాకు పదిహేనేళ్ళు తట్టలేదని రాయబోయాను. అది కూడా అబద్ధమే. తట్టినప్పుడల్లా చేతికి ఏదో ఒక పని కల్పించుకున్నాను.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, తిండి దగ్గర నాకు మహా పట్టింపు. వానాకాలం బీరకాయ గింజ ముదిరితే వండను. చలి మొదలయ్యాక పాలకూర, మెంతికూర కోసిన గంటలో పొయ్యి ఎక్కాలి. చిక్కుడుకాయ ఈనె తీయడం అత్తకు కూడా అప్పజెప్పను. ఎండలు ముదిరితే పుంటికూర, దానికి రోట్లో నూరిన పచ్చిమిరపకాయల కారం. కూర కాస్త వాడితే మా ఆయన మీద అలిగిన రోజులున్నాయి. అంత నాజూకు నాలుక నాది, నా ఇంటి వరకు.

వారానికి మూడు పొద్దులు బుట్టలు ఆటోలో వేసుకుని కాలనీకి పోతాను. సర్కారు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాళ్ళ ఇళ్ళు అక్కడ ఎక్కువ. కిరాణా దుకాణం పక్కన గోనెపట్టా పరుచుకుంటాను. అందరికంటే ముందు ఒక పెద్దావిడ వచ్చేది. భర్త ఉద్యోగం కోసం గోదావరి వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. నన్ను అమ్మాయ్ అని పిలుస్తుంది. నాతో పేచీ పెట్టుకోకపోతే ఆవిడకు కాఫీ అరగదు.

"మా గోంగూరకి పుంటికూరని పేరు మార్చి అమ్ముతున్నావే అమ్మాయ్" అనేది.

"మార్చింది మీరేనమ్మా. మేం మొదటిసంది గిట్లనే అంటున్నం" అనేదాన్ని.

మాటలు గోంగూర గురించే అయినా ఆవిడ కొనేది మాత్రం పాలకూర. మనవరాలు పాలకూర పప్పుతో తప్ప అన్నం ముట్టదట.

పోయిన చలికాలం ఒక ఆదివారం, పొలం చూసి ఎన్నేళ్ళయిందో, మీది చూస్తానని నాతో పాటే ఆటో ఎక్కి వచ్చింది. అత్త సంబరపడింది. చుట్టమొస్తే ఎక్కడ తెంపుతాం? ఇంటి మడిలోనే తెంపాం. పాలకూర పప్పు, వంకాయ కూర, జొన్నరొట్టెలు. వేపచెట్టు నీడలో కూర్చోబెట్టి వడ్డించాను.

రెండు ముద్దలు తిని ఆవిడ ఆగింది. "అమ్మాయ్, ఇది నువ్వు నాకిచ్చే పాలకూరేనా?"

అత్త పొయ్యిలో కట్టె సర్దడం మొదలుపెట్టింది. "గదేనమ్మా" అన్నాను.

"మరి నాకెందుకు రాదే ఈ రుచి? నేను వండితే చివర్లో చిరుచేదు, మందు వాసనలా ఏదో. ఒక్కోసారి పిల్ల ముఖం చిట్లిస్తుంది."

"కట్టెల పొయ్యి కదమ్మా. మళ్ల ఇది ఇప్పుడే తెంపింది" అన్నాను. అంత నున్నటి అబద్ధం నా నోట్లో తయారుగా ఉందని నాకే తెలియదు.

ఆవిడ నమ్మింది. నమ్మి ఊరుకున్నా బాగుండేది, తప్పు తన మీద వేసుకుంది. "అంతేలే, లోపం నా చేతిలోనే ఉంది. ఇన్నేళ్ళుగా వండుతూ ఆకుకూర వండడం నేర్చుకోలేకపోయాను" అని నవ్వింది. పప్పులో ఆకు ఎప్పుడు వేయాలి, చింతపండు ఎంత, పోపులో వెల్లుల్లి చితక్కొట్టాలా తరగాలా, అన్నీ అడిగి తెలుసుకుంది. అత్త ఓపిగ్గా చెప్పింది. నేను పక్కన నిలబడి తల ఊపాను.

ఆవిడను ఆటో ఎక్కించి వచ్చాక అత్తతో అన్నాను: "చెప్పేదుండె అత్తా."

"ఏమని చెప్తవ్? చెప్తే రేపటిసంది కాలనీల ఒక్కలన్న కొంటరా? మనమొక్కలమే అమ్ముతున్నమా ఏంది? నీళ్ళు మునుపటి లెక్క లేవిప్పుడు."

"మరి అంగడి మడిలది రేపు మనం వండుకుందామా?"

అత్త బర్రెకు గడ్డి వేయాలని లేచి పోయింది. నిజానికి ఆమె "సరే, వండుకుందాం" అనుంటే నేనేం చేసేదాన్నో నాకు తెలియదు. తినేదాన్ని కాదనే అనుకుంటున్నాను.

ఆ వారం నుంచి ఆవిడ కోసం ఇంటి మడిలోవి నాలుగైదు కట్టలు విడిగా సంచిలో పెట్టుకుని పోవడం మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పలేదు. రెండోసారికే ఆవిడ ముఖం వెలిగిపోతూ వచ్చింది. "కుదిరింది అమ్మాయ్. మీ అత్తగారు చెప్పినట్టే చేశాను. పిల్ల గిన్నె నాకేసింది" అంది. నాకెంత హాయిగా అనిపించిందో. తప్పు దిద్దుకున్నాననుకున్నాను. పక్కనే ఉన్న పెద్ద బుట్టలోంచి మిగతా వాళ్ళందరికీ అంగడి మడి కట్టలు ఇస్తూనే అలా అనుకున్నాను. నేను దిద్దుకున్నది తప్పును కాదు, ఆవిడ ముఖంలోకి చూడలేకపోవడాన్ని. ఆ తేడా నాకు అప్పుడు తెలియలేదు.

తర్వాతి వారం ఆవిడ తమ వీధిలోని నలుగురిని వెంటబెట్టుకుని వచ్చింది. "మా అమ్మాయి దగ్గర ఆకు చూడండి, ఇలాంటిది ఎక్కడా దొరకదు" అని వాళ్ళకు చెబుతోంది. నేను ఆవిడ కోసం విడిగా తెచ్చిన సంచి అందించబోయాను. ఆవిడ చేత్తో వారించింది.

"అవి లేతగా ఉన్నాయి, ముందు వీళ్ళకివ్వు. కొత్తగా వచ్చారు కదా. నాకు బుట్టలోవి వెయ్యి. నాకిప్పుడు వండడం వచ్చేసింది, ఏ ఆకైనా పరవాలేదు."

సంచిలోవి నలుగురికీ తలా ఒక కట్ట చొప్పున అయిపోయాయి. ఆవిడ తన గుడ్డసంచి తెరిచి పట్టుకుని నా ముందు నిలబడింది. బుట్టలోవి వద్దమ్మా అంటే చాలు. ఎందుకని అడిగితే చెప్పాలి. చెబితే ఆ నలుగురూ వింటారు, కాలనీ అంతా వింటుంది. ఇంట్లో అత్త, పిల్లల చదువులు, కిస్తీ మీద కొన్న మోటారు, అన్నీ నా నోటికి అడ్డం పడ్డాయని ఇప్పుడు చెప్పుకోవచ్చు. అప్పుడు అవేవీ గుర్తు రాలేదు. భయమేసింది, అంతే. బుట్టలోంచి నాలుగు కట్టలు తీసి ఆవిడ సంచిలో వేశాను. అలవాటు కొద్దీ ఇంకో కట్ట కొసరు కూడా వేశాను.

మళ్ళీ నేను పోయిన పొద్దు ఆవిడ ఒక్కతే వచ్చింది. ఆ రోజు పేచీ లేదు. గోనెపట్టా అంచున కూర్చుని నెమ్మదిగా చెప్పింది.

"మళ్ళీ కుదరలేదే అమ్మాయ్. అన్నీ మీ అత్తగారు చెప్పినట్టే చేశాను. పిల్ల ముద్ద ఉమ్మేసింది. వచ్చిన చెయ్యి అప్పుడే పోయింది చూడు. వయసైపోతోంది."

నేనేమంటానోనని నా ముఖంలోకే చూస్తోంది. పక్కన ఎవరూ లేరు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

"ఈపారి చింతపండు జెర ఎక్వ వెయ్యిండ్రి అమ్మా" అన్నాను.

సరేనని తలూపి, ఆవిడ సంచి తెరిచి పట్టింది.