సూదిలో దారం ఎక్కించే కూతురు

"మీ అమ్మాయికి చూపు ఎలా ఆనుతుందమ్మా?"

"భేషుగ్గా ఆనుతుందండి. దీపం వెలుగులో కూడా సూదిలో దారం ఎక్కించేస్తుంది."

ఆ పెద్దమనిషికీ నాకూ మా అరుగు మీద జరిగిన చివరి మాటలివి. ఆయన చిన్న పుస్తకంలో ఏదో రాసుకుని, హెల్మెట్ తగిలించుకుని వెళ్ళిపోయాడు. ఆ ఒక్క సూదితో నా కూతురి ఎమ్మే చదువుకి నేను ఎంత చిల్లు పెట్టానో చెప్తాను, వినండి.

నాకు రాత రాదు. నేను చెప్తుంటే రాస్తున్నది మా చెల్లెలి కూతురు శిరీష. ఇప్పటికే నవ్వుతోంది. నవ్వితే అక్షరాలు వంకర పోతాయే, సరిగ్గా రాయి.

నా కూతురు దేవికి పుట్టుకతోనే చూపు తక్కువ. ఎదురుగా మనిషి వస్తే ఆనవాలు పడుతుంది గానీ, పుస్తకాన్ని ముక్కుకి ఆనించుకుంటే తప్ప అక్షరం కనపడదు. అలాగే చదివి చదివి, ముక్కు అరిగిపోతుందేమో అని నేను భయపడుతుండగానే, రాజమండ్రిలో యూనివర్సిటీ దాకా వెళ్ళింది.

ఇక నా జబ్బు సంగతి. మా ఆయన పోయాక నాకు అనుమానం పట్టుకుంది. ఆయన పోయి నెల తిరక్కుండానే కాగితాలు పట్టుకుని ఒకడి తర్వాత ఒకడు, "ఇక్కడో వేలిముద్ర వెయ్యమ్మా" అంటూ వచ్చారు మరి. నేను రావులపాలెం మార్కెట్లో అరటి గెలలు సర్దుతాను. గెలను నాలుగు వైపులా తిప్పి చూడందే లోపల పెట్టను. మనిషినీ అంతే.

ఒకరోజు దేవి ఫోన్ చేసింది.

"అమ్మా, పరీక్షలకి పెద్ద అక్షరాల పేపరూ, కొంచెం ఎక్కువ టైమూ, రాసిపెట్టే మనిషినీ ఇమ్మని అర్జీ పెట్టానే."

"రాసిపెట్టే మనిషేంటి?"

"నేను జవాబు చెప్తుంటే తను రాస్తుంది. నాకంటే చిన్న క్లాసు వాళ్ళయి ఉండాలంట. ఇంటర్ చదువుతోందిగా, మన శిరీష పేరిచ్చాను."

"నీ పరీక్ష అది రాయడమా? దొంగ పరీక్షే అది! ఇద్దర్నీ కలిపి పట్టుకుపోతారు!"

"చదువు నాది, చెయ్యి దానిది, అంతేనమ్మా. కిందటిసారి టైము చాలక రెండు పేపర్లు పోయాయి. ఈసారి కూడా పోతే ఏడాదంతా పోయినట్టే. ఆఫీసువాళ్ళు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు. నీకు దణ్ణం పెడతాను."

"చెప్తాలేవే."

చెప్పాను కూడా. ఎలా చెప్పానో చూడండి.

నాలుగు రోజులకి ఆ పెద్దమనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. ముందు మూల మీద కొట్టులో మా ఇంటి గురించి అడిగాడని నాకు అప్పటికే కబురందింది. వచ్చి, మంచినీళ్ళు అడిగి, గోడలన్నీ కలయజూసి, "యూనివర్సిటీ నుంచి వచ్చానమ్మా. మీ అమ్మాయి గురించి నాలుగు మాటలు అడుగుదామని" అన్నాడు.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. మా వైపు పెళ్ళికొడుకు తరఫున ఆరా తీయడానికి వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఆ మాట చెప్పి రారు. వెనకింటి పిల్ల గురించి తెలుసుకోవడానికి ఒకాయన ఓటరు కార్డు పేరు పెట్టుకుని వచ్చాడు. ఇంకొకాయన గ్యాసు పొయ్యి చూడ్డానికొచ్చి, పొయ్యి వదిలేసి పిల్లని చూశాడు. అలాంటిది, యూనివర్సిటీ అంటే నేను నమ్ముతానా? ఆఫీసువాళ్ళయితే ఫోన్ చేస్తారు గానీ, పెట్రోలు పోసుకుని అరుగెక్కుతారా?

పైగా ఆయన అడిగినవేంటి?

"మీ అమ్మాయి వంట చేస్తుందామ్మా?"

"పప్పులో రాయి పది అడుగుల దూరం నుంచి ఏరేస్తుందండి."

"చీకటి పడ్డాక బయటికి వెళ్ళగలదా?"

"వెళ్ళగలదండి గానీ వెళ్ళదండి. అలాంటి పిల్ల కాదు."

"ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూస్తుందా?"

"అసలు ఫోనే చూడదండి!"

ఆయన నావైపు అదోలా చూశాడు. నాకింకా ఊపొచ్చింది. ఎదురు డాబా మీద చీమ పాకితే అది ఆడదో మగదో చెప్పేస్తుందన్నాను. ఆ తర్వాతే సూదీ, దారం.

వారం తిరక్కుండా దేవి ఫోన్. ఏడుపు.

"అమ్మా, నా అర్జీ కొట్టేశారే! చూపు బాగుందని కన్నతల్లే చెప్పిందంట. చీమ సంగతేంటే?"

"ఆయన పెళ్ళివారి మనిషి కాదా?"

అటు నుంచి ముక్కు చీదిన చప్పుడు. తర్వాత అంది: "పెళ్ళివారైతే మాత్రం? పెళ్ళయ్యాక ఆ సూదిలో దారం ఎవరు ఎక్కిస్తారు, రోజూ నువ్వొస్తావా?"

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఇది కూడా రాయవే శిరీషా, వదిలెయ్యకు.

మర్నాడు మొదటి బస్సుకే రాజమండ్రి వెళ్ళాను. ఆఫీసులో ఒక మేడమ్ గారు కూర్చున్నారు. పక్క బల్ల దగ్గర మన ఇస్త్రీ చొక్కా. మా పిల్లకి చూపు తక్కువేనండి అని చెప్పాను.

"అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా అమ్మా?" అన్నారు మేడమ్ గారు.

"అప్పటిదేనండి. ఈయన్ని సంబంధం వాళ్ళ మనిషి అనుకున్నానండి."

ఇస్త్రీ చొక్కాకి పొలమారింది.

"డాక్టరు కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మీ మాటే అడ్డం పడింది. జరిగింది రాసివ్వండి."

"నాకు రాదండి. నేను చెప్తాను, ఆయన్ని రాయమనండి."

నేను చెప్పాను, ఆయన రాశాడు. రాశాక, "ఏదీ, చదవండి" అన్నాను. చదివాడు.

"ఆగండాగండి! పొరపాటున చెప్పాను అని నేనెప్పుడన్నాను? కావాలనే చెప్పానండి. మార్చండి."

మార్చాడు. అప్పుడు వేలిముద్ర వేశాను. మేడమ్ గారు నవ్వి, "రాసింది ఆయన గదా, మరి ఈ మాటలు ఎవరివి?" అన్నారు.

"నావేనండి. అక్షరం అక్షరం నావే."

"మరి మీ అమ్మాయిది దొంగ పరీక్ష అన్నారంటగా, తనే చెప్పింది?"

నేను నోరు మూసుకున్నాను. నా జన్మలో అది రెండోసారి. మొదటిసారి పెళ్ళిలో.

దేవి చెప్పింది, శిరీష రాసింది, రెండు పాత పేపర్లతో సహా అన్నీ పాసయ్యాయి. ఇక్కడితో ఆపితే నాకు మర్యాదగా ఉండును.

కానీ మొన్న ఇంకో ఇస్త్రీ చొక్కా వచ్చాడు. "మీ అమ్మాయి గురించి నాలుగు మాటలు..." అనేసరికి నేను ఊపిరి తీసుకోకుండా అందుకున్నాను: "చూపు ఆనదండి! పుస్తకం ముక్కుకి ఆనాలి! పప్పులో రాయి కాదు గదా, రోలు ఉన్నా కనపడదు! కాగితం తెచ్చారా, వేలిముద్ర వేస్తాను!"

ఈయన నిజంగానే పెళ్ళికొడుకు మేనమామ. మంచినీళ్ళు కూడా ముట్టకుండా బండెక్కాడు.

దేవి మాత్రం కడుపు పట్టుకుని నవ్వింది. "మొదటిసారి నా గురించి సరిగ్గా చెప్పావే అమ్మా" అంది.

అందుకని నా కుడి బొటనవేలు మీద ఒట్టేసి చెప్తున్నాను. ఇక నా గుమ్మంలోకి ఎవరొచ్చినా, ఏ చొక్కా వేసుకొచ్చినా, ఒక్క నిజమే చెప్తాను. ఆ రోలు మాట కూడా అనను, అంత లేదు. ముందు మాత్రం, ఏ పని మీద వచ్చారో మూడుసార్లు అడుగుతాను.

ఏమే శిరీషా, అయిపోయిందా? కలం ఎందుకు ఇంకా కదుల్తోంది? ఏదీ, ఇలా తిప్పి మొదటి నుంచి చదువు. నేననని మాట ఒక్కటి దొరికిందో, చూడు మరి.