ఊళ్లో ఒకే ఒక్క షావుకారు

అసమానతల మీద పరిశోధన చేస్తున్న ఒక ప్రొఫెసర్‌ గారికి సాయంగా పెద్దారవీడు దగ్గర ఒక ఊరికి వెళ్లాను. ఒక్కో కుటుంబం పేరు ఒక్కో చీటీ మీద రాసి, ఉన్నవాళ్లెవరో లేనివాళ్లెవరో ఊరివాళ్లనే రెండు కుప్పలుగా తేల్చమన్నాం. రేషన్ కార్డులు పోతాయేమోనని అందరికీ అనుమానం వచ్చింది. ట్రాక్టర్ మీద వచ్చిన ఆసామి అందరికంటే ముందు తన చీటీని పేదల కుప్పలో వేశాడు.

"బోర్లన్నీ ఎండిపోయినాయి సారూ, మాకేముంది?" అన్నాడు.

తర్వాత అందరూ అదే పని చేశారు.

"ఉన్నవాళ్లు ఒక్కరైనా లేరా?" అని ప్రొఫెసర్‌ గారు బతిమాలారు.

వాళ్లు మొహమొహాలు చూసుకుని, మేకలు తోలుకుని కొండకు పోయిన ఒక ఒంటరి ఆడమనిషి చీటీని ఉన్నవాళ్ల కుప్పలో పెట్టారు. "ఆమెకేంది, పది మేకలుండాయి" అన్నాడు ఆసామి.

తిరుగుదారిలో మేకలతో ఆమె ఎదురైంది. సిగ్గుపడుతూనే జరిగింది చెప్పాను. ఆమె పడీ పడీ నవ్వింది.

"ఊర్లో దేనికీ నన్ను పిలవరు నాయనా. ఇయ్యాల పిలవకుండానే షావుకారిని చేసినారే!"

ఆ ఊళ్లో అసమానత చాలా తక్కువని ప్రొఫెసర్‌ గారు నివేదికలో రాశారు. సాయం చేసినందుకు కింద నా పేరు కూడా వేశారు.